ప్రాప్ తూకం: రెక్కలు చూసి ఊరుకుంటే సగం పనే

సంపాదకులకు నమస్కారం.

2024 సెప్టెంబరులో బుడమేరు వరద నీళ్లలో చిక్కుకున్న సింగ్‌నగర్ వైపు డ్రోన్లతో ఆహారం అందించారు. ఆ మరుసటి నెలలోనే మంగళగిరిలో డ్రోన్ సదస్సు, పున్నమి ఘాట్ దగ్గర 5,500 డ్రోన్ల ప్రదర్శన జరిగాయి. విజయవాడ, గుంటూరుల్లో ఇంజినీరింగ్ విద్యార్థులతో పాటు హైస్కూలు పిల్లలు కూడా రేడియో కంట్రోల్ విమానాలు కడుతున్నారు. సంతోషించదగ్గ విషయం. అలాంటి వార్తలు మీ పత్రికలోనూ వస్తున్నాయి. మోటారు ఎంత, బ్యాటరీ ఎన్ని సెల్స్, విమానం రెక్క పొడవెంత అన్నీ రాస్తారు గానీ ప్రాప్ (ప్రొపెల్లర్, అంటే మోటారుకు తగిలించే గాలి పంకా) గురించి ఒక్క ముక్క కనబడదు. కట్టేవాళ్ల తీరూ అంతే. ప్యాకెట్ చింపడం, ప్రాప్ తగిలించడం, నట్టు బిగించడం, ఎగరేయడం. తర్వాత మోటారు స్క్రూలు వదులైతే కంపెనీని, ముందు భాగంలో ఫోమ్ చీలితే జిగురును, తోకనూ రెక్కల అంచులనూ కదిపే సర్వో మోటారు గిలగిల కొట్టుకుంటే రిమోట్ సంకేతం అందుకునే రిసీవర్‌ను తిడతారు. వీటిలో చాలా వాటికి కారణం తూకం చూడని ప్రాప్, అంటే చుట్టూ బరువు సమంగా ఉందో లేదో చూడకుండా బిగించినది. ఇంట్లో అరగంటలో అయ్యే పని ఇది. చాలామంది సగంలో ఆపేస్తారు కాబట్టి మొత్తం రాస్తున్నాం.

ముందు లెక్క చెబుతాం, లేకపోతే ఇదంతా చాదస్తంలా అనిపిస్తుంది. 10 అంగుళాల ప్రాప్ నిమిషానికి 8,000 చుట్లు తిరుగుతోందనుకోండి. ఆ ప్రాప్ రెక్క ఒకదాని కొసన 0.1 గ్రాము ఎక్కువుంటే, ఆ కాస్త బరువు మోటారు షాఫ్ట్‌ను (ఇరుసును) దాదాపు 900 గ్రాముల బలంతో పక్కకు లాగుతుంది. లాగే దిక్కు సెకనుకు 133 సార్లు చుట్టూ తిరుగుతూ ఉంటుంది. మొత్తం విమానమే కిలో లోపు ఉన్నచోట దాదాపు అంత బలం ముక్కు పట్టుకుని ఊపుతోందన్నమాట. పైగా ఈ లాగుడు వేగం వర్గంతో పెరుగుతుంది. 4,000 చుట్ల దగ్గర ఉన్నదానికి 8,000 దగ్గర నాలుగింతలు. అందుకే నేలమీద సగం థ్రాటిల్‌లో (మోటారుకు సగం వేగమిచ్చి) ‘బాగానే ఉంది’ అనిపించినది గాల్లో ఫుల్ థ్రాటిల్ ఇచ్చాక స్క్రూలు ఊడదీస్తుంది.

వణుకు ఎక్కడి నుంచి వస్తోందో తేల్చుకోవడానికి మొదట ప్రాప్ తీసేసి మోటారు ఒక్కదాన్నే తిప్పండి. అప్పుడూ జుయ్‌మంటూ వణికితే బేరింగైనా, వంగిన షాఫ్టైనా, మోటారుతో పాటు తిరిగే డిప్ప అయినా కారణం. వాటిని ప్రాప్ తూకం బాగుచేయదు. మన దగ్గర పిల్లలు ఎక్కువగా వాడే 2212 సైజు మోటార్లలో షాఫ్ట్ 3.17 మి.మీ. మాత్రమే. ముక్కు నేలకు తగిలిన ఒక్క ల్యాండింగ్ చాలు అది వంగడానికి. ప్రాప్ లేకుండా నున్నగా తిరిగి, ప్రాప్ వేశాక వేగంతో పాటు వణుకు పెరుగుతూ పోతే తూకం చూడాలి. ఒక్క థ్రాటిల్ దగ్గర మాత్రమే తోక టపటపలాడి, అది దాటగానే సర్దుకుంటే అక్కడ విమానం బాడీ ఆ వేగానికి స్పందిస్తోందని అర్థం. దానికీ మూలం ప్రాప్‌లో ఉండొచ్చు గానీ, తోక బలహీనతనూ చూసుకోవాలి.

ఇక పనిముట్టు. బ్యాలెన్సర్లు, అంటే ప్రాప్ తూకం చూసే స్టాండ్లు, ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. కొనగలిగితే కొనండి. కొనకపోయినా పని ఆగదు. ప్రాప్ రంధ్రంలో దూర్చి, రాపిడి లేకుండా తిరిగేలా నిలబెడితే బరువైన వైపు కిందికి దిగుతుంది. దానికి కావలసింది సన్నని, నిటారైన, గట్టి కడ్డీ. సైకిల్ స్పోక్ 2 మి.మీ. ఉంటుంది, సరిగ్గా సరిపోతుంది. వంకర తల, మరల భాగం కత్తిరించి 12 సెం.మీ. ముక్క ఉంచుకోండి. దాన్ని అద్దం పలక మీద దొర్లించి చూడండి. కడ్డీకీ అద్దానికీ మధ్య వెలుతురు సందు ఒకసారి కనబడి, ఒకసారి మూసుకుపోతుంటే అది వంకర. వంచి సరిచేసే ప్రయత్నం వద్దు, ఇంకో స్పోక్ తీసుకోండి. అయస్కాంతాలతో చేయదలిస్తే స్టెయిన్‌లెస్ స్పోక్ పనికిరాదు. చాలా వరకు వాటిని అయస్కాంతం గట్టిగా పట్టదు. మామూలు ఇనుప స్పోక్ అడగాలి. కొనే ముందే షాపులో ఒక అయస్కాంతం ఆనించి చూడండి.

అయస్కాంతాల పద్ధతే మేలు. 10 మి.మీ. బిళ్ల నియోడైమియం అయస్కాంతాలు రెండు, చెక్క పలక మీద ఎదురెదురుగా నిలబెట్టిన రెండు కొయ్యముక్కలకు అంటించాలి. ఒకదాని ఉత్తరం రెండోదాని దక్షిణానికి ఎదురుగా ఉండాలి, అంటే వదిలేస్తే ఒకదాన్నొకటి లాక్కోవాలి. 10 అంగుళాల ప్రాప్ నిలువుగా తిరగాలంటే కడ్డీ పలక నుంచి 14 సెం.మీ. ఎత్తులోనైనా ఉండాలి. కడ్డీ రెండు కొసలనూ ఆకురాయితో మొనదేల్చండి. అయస్కాంతాల మధ్య దూరం కడ్డీ పొడవు కన్నా 2 మి.మీ. ఎక్కువ ఉంచండి. ఒక మొన అయస్కాంతాన్ని ఆనుకుంటుంది, రెండోది గాల్లో తేలుతుంది. ఆనేది ఒక్క బిందువే కాబట్టి రాపిడి దాదాపు ఉండదు. దూరం ఎక్కువైతే ప్రాప్ బరువుకు కడ్డీ జారి పడుతుంది, తక్కువైతే రెండు వైపులా అతుక్కుని మొరాయిస్తుంది. పాత హార్డ్ డిస్కులోంచి పీకిన అయస్కాంతాలు వాడొద్దు. వాటి ఒకే ముఖం మీద రెండు ధ్రువాలూ ఉంటాయి, కడ్డీ మొన మధ్యలో నిలవకుండా ఒక పక్కకు లాక్కుంటుంది.

అయస్కాంతాలు లేకపోతే షేవింగ్ బ్లేడు అంచులు. ఒకే ఎత్తున్న రెండు డబ్బాలు, 15 సెం.మీ. పైన ఉన్నవి, 7 సెం.మీ. ఎడంగా పెట్టి, ఒక్కోదాని లోపలి పక్కకు బ్లేడును పదును పైకొచ్చేలా టేపుతో అంటించండి. అంచు డబ్బా కన్నా అర సెంటీమీటరు పైకి ఉంటే చాలు. ముందుగా ఆ పదును మీద ఎమరీ కాగితంతో రెండుసార్లు రాసి మొద్దు చేయండి. వేళ్లకూ మంచిది, కడ్డీకీ మంచిది. రెండు అంచులూ ఒకదానికొకటి సమాంతరంగా, ఒకే మట్టంలో ఉండాలి. ఖాళీ కడ్డీ పెట్టి చూడండి. దానంతటది దొర్లిపోతే, అది దొర్లే వైపున డబ్బాల కింద కాగితం మడతలు పెట్టండి. అయస్కాంతాలతో ఈ మట్టం తలనొప్పి లేదు, అక్కడ కడ్డీ దొర్లదు, ఉన్నచోటే తిరుగుతుంది.

అసలు చిక్కు కడ్డీతో కాదు. 6 మి.మీ. రంధ్రమున్న ప్రాప్‌ను 2 మి.మీ. కడ్డీ మీద సరిగ్గా మధ్యలో నిలబెట్టడంలో ఉంది. టేపు చుట్టి బిగిస్తే మధ్యకు రాదు. 12 గ్రాముల ప్రాప్ కేంద్రం నుంచి 0.1 మి.మీ. జరిగినా 8,000 చుట్ల దగ్గర అది దాదాపు 86 గ్రాముల లాగుడవుతుంది. అర మిల్లీమీటరు జరిగితే 400 దాటుతుంది. రంధ్రానికి రెండు వైపుల నుంచీ దూరి దానంతటది మధ్యకు తెచ్చే రెండు కోన్‌లు కావాలి. విజయవాడ, గుంటూరు ఆటోనగర్‌లలో ఏ లేత్ వర్క్స్‌లో అడిగినా ఇత్తడితోనో అల్యూమినియంతోనో తీసిస్తారు. ఒక కొస 4 మి.మీ., ఇంకో కొస 10 మి.మీ. ఉండేలా వాలు, మధ్యలో 2 మి.మీ. బెజ్జం అని చెప్పండి. ఒక్కమాట మాత్రం గట్టిగా చెప్పాలి: బెజ్జం, వాలు రెండూ ఒకే చకింగ్‌లో (లేత్ పట్టులోంచి ఊడదీయకుండా ఒకేసారి) తీయాలి. ముక్కను చక్‌లోంచి తీసి తిరగేసి పట్టిస్తే రెండింటి కేంద్రాలూ కలవవు. లేత్ దాకా వెళ్లలేని వాళ్లు రెండు బాల్ పెన్నుల ముందు మూతులు, అంటే మరతో ఊడి వచ్చే మొనదేలిన ప్లాస్టిక్ ముక్కలు, వాడుకోవచ్చు. అచ్చులో పోసినవి కాబట్టి గుండ్రంగానే ఉంటాయి. బెజ్జం కాస్త వదులనిపిస్తే కడ్డీ మీద సెల్లో టేపు ఒక్క చుట్టు వేయండి, అది మందాన్ని 0.1 మి.మీ. పెంచుతుంది.

మీ పనిముట్టు నిజం చెబుతోందో లేదో తెలుసుకునే ఉపాయం ఒకటుంది. దీన్ని వదిలేస్తే మిగతా శ్రమంతా వృథా. ప్రాప్‌ను కోన్‌ల మధ్య బిగించి అడ్డంగా నిలబెట్టండి. ఒక రెక్క కిందికి మొగ్గుతుంది. దానిమీద మార్కర్‌తో చుక్క పెట్టండి. కడ్డీ మీద కూడా అదే వైపు ఒక గీత పెట్టండి. ఇప్పుడు కోన్ వదులు చేసి, కడ్డీని అలాగే ఉంచి ప్రాప్‌ను మాత్రం అర చుట్టు తిప్పి మళ్లీ బిగించండి. చుక్క పెట్టిన రెక్కే మళ్లీ దిగితే లోపం ప్రాప్‌ది. చుక్క లేని రెక్క దిగితే, అంటే గీత ఉన్న వైపే మళ్లీ మొగ్గితే, లోపం కడ్డీదో కోన్‌లదో. తప్పుడు తక్కెడతో ఎంత శ్రద్ధగా తూచినా బేరం తప్పే. ముందు తక్కెడకు పాసంగం చూసుకోవాలి.

తూచే ముందు ప్రాప్‌ను సిద్ధం చేయాలి. నైలాన్ ప్రాప్‌ల అంచున అచ్చు అతుకు దగ్గర పలచని పొర మిగిలి ఉంటుంది. కొన్నిటికి అది వేలు కోసేంత పదునుగా ఉంటుంది. 400 నంబరు ఎమరీ కాగితంతో ఆ పొర మాత్రం తీయండి, ముందు అంచు గుండ్రదనం చెడకూడదు. ఈ ఒక్క పనితోనే తేడా సగం తగ్గే ప్రాప్‌లు ఉంటాయి. తర్వాత ఒక్కో రెక్కనూ మెల్లగా వంచి వెలుతురులో చూడండి. మొదలు దగ్గర తెల్లటి గీత కనబడినా, టిక్ మన్న చప్పుడు వచ్చినా ఆ ప్రాప్ అక్కడితో సరి. పెచ్చు ఊడిన దాన్ని ఫెవిక్విక్‌తో అతికించి తూకం చూసేవాళ్లున్నారు. 10 అంగుళాల ప్రాప్ కొస 8,000 చుట్ల దగ్గర గంటకు 380 కి.మీ. వేగంతో పోతుంది. ఆ వేగంలో అతుకు ఊడి ఎవరి కంటికి తగులుతుందో చెప్పలేం.

ఫ్యాన్ ఆపేయండి. కూలరూ, ఏసీ గాలీ కూడా ప్రాప్ మీదికి రాకూడదు. రోహిణి కార్తెలో బెజవాడలో ఫ్యాన్ ఆపి కూర్చోవడం శిక్షే, తెల్లవారుజామున చేసుకోండి. లేదా పెద్ద అట్టపెట్టెను పక్కకు పడేసి దానిలో పనిముట్టు పెట్టుకోండి.

ముందు రెక్కల తూకం. అడ్డంగా పెట్టి వదలండి. దిగిన రెక్క బరువైనది. తీయాల్సింది బరువైన రెక్క వెనక, చదునుగా ఉన్న ముఖం మీద నుంచి. సగం దగ్గర నుంచి కొస దాకా, పొడవునా, 240 నంబరు కాగితంతో సమంగా రుద్దాలి. ముందు అంచు, వెనక అంచు ముట్టుకోవద్దు. వాటి ఆకారం మారితే తూకం కుదిరినా రెండు రెక్కలు గాలిని వేర్వేరుగా తోస్తాయి, వణుకు ఇంకో రూపంలో తిరిగొస్తుంది. కొస కత్తిరించి బరువు తగ్గించడం మరీ తప్పు. 0.1 గ్రాము నైలాన్ అంటే 5 సెం.మీ. పొడవు, 1.5 సెం.మీ. వెడల్పు మేర దాదాపు 0.1 మి.మీ. మందం. పది రుద్దులు రుద్దడం, తడిబట్టతో తుడవడం, మళ్లీ పెట్టి చూడడం. తుడవడం ఎందుకంటే రుద్దిన నైలాన్‌కు స్థిర విద్యుత్తు పట్టి పొడి మొత్తం దానికే అంటుకుంటుంది, తీశామనుకున్న బరువు అక్కడే ఉంటుంది. దగ్గరకొచ్చాక 400 కాగితానికి మారండి, చివర 600తో నున్నగా చేయండి. మందం కంటికి తేడా తెలిసేంత రుద్దినా మొగ్గు పోకపోతే ఆ ప్రాప్‌ను పక్కన పడేయడమే మంచిది. రెక్క బలం పోతోంది.

రెక్కలు అడ్డంగా నిలబడగానే చాలామంది చప్పట్లు కొట్టి లేచిపోతారు. మేం ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం ఇక్కడుంది. ప్రాప్ అడ్డంగా ఉన్నప్పుడు హబ్‌లో, అంటే రెక్కలు కలిసే మధ్య దిమ్మలో, ఒక వైపు ఎక్కువున్న బరువు సరిగ్గా కడ్డీ కిందో పైనో ఉంటుంది. అది పక్కకు లాగదు కాబట్టి ఆ పరీక్షలో బయటపడదు. హబ్ తేడా తెలియాలంటే ప్రాప్‌ను నిలువుగా పెట్టాలి. హబ్ మీద రెండు పక్కలా 1, 2 అని రాసుకోండి. ఒక రెక్క పైకి ఉంచి వదలండి. 1 ఉన్న పక్కకు వాలిందనుకోండి. ఇప్పుడు రెండో రెక్కను పైకి ఉంచి వదలండి. మళ్లీ 1 ఉన్న పక్కకే వాలితే హబ్‌లో ఆ వైపు బరువు ఎక్కువ. అలా కాకుండా ఫలానా రెక్క పైకి ఉంచినప్పుడు మాత్రమే ఎటుపడితే అటు పడిపోతూ, రెండోది పైకి ఉన్నప్పుడు నిలబడుతుంటే అది ఇంకా మిగిలి ఉన్న రెక్క తేడా. మళ్లీ వెనక్కి వెళ్లి రుద్దాలి. ఇంకో గుర్తు కూడా ఉంది. అడ్డంగా పెట్టినప్పుడు 1 కింద ఉంటే కదలకుండా నిలబడి, 2 కింద ఉండేలా తిప్పితే నిలవకుండా తిరగబడే ప్రాప్‌కు హబ్ తేడా ఉన్నట్టే.

హబ్‌ను రుద్ది బరువు తీయడానికి మేం ఒప్పుకోం. ముఖ్యంగా మోటారుకు ఆనే చదును ముఖాన్ని గీకితే ప్రాప్ ఒరిగి కూర్చుంటుంది. తేలికగా ఉన్న వైపు బరువు కలపడమే దారి. ముందు చిన్న మైనం ముద్ద అంటించి, పెంచుతూ తగ్గిస్తూ ఎంత కావాలో చూడండి. కుదిరాక మైనం తీసి, ఆ చోటును కాగితంతో గరుకు చేసి అంతే పరిమాణంలో అరాల్డైట్ పెట్టండి. నున్నటి నైలాన్ మీద ఏ జిగురూ నిలవదు, గరుకు చేయడం మరవొద్దు. వెనక వైపు గుంటలున్న హబ్ అయితే ఆ గుంటలోనే నింపండి, ఎగిరిపోయే భయం ఉండదు. గట్టిపడ్డాక మళ్లీ ఒకసారి అడ్డంగా, నిలువుగా చూడాలి. హబ్‌లో పెట్టే బరువు కాస్త ఎక్కువే కావాల్సి వస్తే కంగారు పడొద్దు. కేంద్రానికి 8 మి.మీ. దూరంలో పెట్టినది కొసన పెట్టినదానిలో పదహారో వంతే పనిచేస్తుంది.

ఎక్కడ ఆపాలి? ‘ఏ కోణంలో పెట్టినా అలాగే నిలవాలి’ అని అందరూ చెబుతారు గానీ, మొండి బేరింగు మీద అన్నీ నిలుస్తాయి. ఇలా చూడండి. సెల్లో టేపు ఒక చదరపు సెంటీమీటరు ముక్క దాదాపు 5 మిల్లీగ్రాములుంటుంది. ఒక రెక్క కొసన దాన్ని అంటిస్తే ఆ రెక్క దిగాలి. తీసి రెండో రెక్క కొసన అంటిస్తే ఆ రెక్క దిగాలి. రెండూ జరిగితే మిగిలిన తేడా ఆ టేపు ముక్క కన్నా తక్కువ, అంటే 8,000 చుట్ల దగ్గర 45 గ్రాముల లాగుడు లోపు. విమానానికి అది చాలు. ఏ రెక్కకు అంటించినా కదలకపోతే ప్రాప్ కుదిరిందని కాదు, మీ కడ్డీకి రాపిడి ఎక్కువని. మొనలు మళ్లీ దేల్చుకోండి.

తేలిక రెక్కకు టేపు అంటించి సరిపెట్టే అలవాటు మల్టీరోటర్ల (చాలా ప్రాప్‌లుండే డ్రోన్ల) వాళ్ల దగ్గర ఉంది. పరీక్షకు మంచిదే, ఎగరడానికి వద్దు. ఎండకు జిగురు మెత్తబడి మధ్య గాల్లో టేపు ఊడితే అప్పటిదాకా లేని వణుకు ఒక్కసారిగా మొదలవుతుంది. చెక్క ప్రాప్‌లకైతే తేలిక రెక్క మీద పాలియురెథేన్ వార్నిష్ పూయడం సరైన పద్ధతే. బరువు రెక్కను రుద్దితే మాత్రం బయటపడిన పచ్చి చెక్కను వార్నిష్‌తో మూసేయాలి. కృష్ణ ఒడ్డున వానాకాలపు తేమకు మూత లేని చెక్క నీళ్లు పీల్చుకుని ఇవాళ కుదిరిన తూకం వచ్చే నెలకు తప్పుతుంది. ఎండాకాలంలో చెక్క కుంచించుకుని హబ్ నట్టు వదులవుతుంది, ఎగరేసే ప్రతిసారీ బిగువు చూడాలి. కార్బన్ ప్రాప్‌ను పొడిగా రుద్దొద్దు, తడి కాగితంతో, మాస్కు పెట్టుకుని, వంటింటికి దూరంగా చేయండి.

మూడు రెక్కల ప్రాప్‌లో ఒక్కటే సూటిగా కిందికి దిగితే దాన్ని రుద్దాలి, రెండు రెక్కలు కిందికి వచ్చి ఒకటి పైన నిలిస్తే ఆ రెండింటినీ సమంగా రుద్దాలి. 5 అంగుళాల రేసింగ్ ప్రాప్‌లు చిన్నవి కదా అని తీసిపారేయొద్దు. నిమిషానికి 20,000 చుట్ల దగ్గర కొసన 10 మిల్లీగ్రాములే 280 గ్రాములు లాగుతాయి. అయితే అవి ఒక సాయంత్రంలో విరిగిపోయేవి కాబట్టి ప్రతిదాన్నీ తూచమని మేం పట్టుబట్టం. కెమెరా మోసే డ్రోన్‌కు మాత్రం తూచాల్సిందే, లేకపోతే వీడియో జెల్లీలా ఊగుతుంది.

ఇంత శ్రమపడి తూచిన ప్రాప్‌ను బిగించడంలో చెడగొట్టుకోవడం తేలిక. ప్రాప్ రంధ్రం 6 మి.మీ., దాన్ని మోటారుకు బిగించే అడాప్టర్ కడ్డీ 5 మి.మీ. అయితే మధ్యలో సరైన రింగ్ వేయాలి. ప్యాకెట్‌లో రింగులు ఇచ్చేది అందుకే. రంధ్రం చిన్నదైతే చేతి డ్రిల్లుతో పెద్దది చేయొద్దు, కేంద్రం తప్పుతుంది. బిగించాక రెక్క కొసల ట్రాకింగ్ చూడండి, అంటే రెండు కొసలూ ఒకే దారిలో తిరుగుతున్నాయో లేదో. బ్యాటరీ విప్పేసి, ఒక పుల్లను కదలకుండా ఒక కొసకు తాకేలా నిలబెట్టి ప్రాప్‌ను చేత్తో అర చుట్టు తిప్పితే రెండో కొస కూడా అక్కడే తాకాలి. 2 మి.మీ. మించి తేడా ఉంటే అడాప్టర్ వంగిందో, హబ్ కింద దుమ్ము ఇరుక్కుందో, డిక్కీలో నొక్కుకుపోయి ప్రాప్ వంకర పోయిందో. బ్యాలెన్సర్ మీద ఎంత నిశ్చలంగా నిలిచినా ఈ తేడా ఉన్న ప్రాప్ వణికిస్తుంది. అంతా సరిగ్గా ఉండి ఇంకా కొద్దిగా వణుకుంటే, మోటారు మీద, ప్రాప్ మీద గుర్తు పెట్టి, నట్టు వదులు చేసి ప్రాప్‌ను అర చుట్టు తిప్పి బిగించి చూడండి. మోటారు తేడా, ప్రాప్ తేడా ఒకే వైపు కలిసి ఉంటే ఇప్పుడు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. నున్నగా ఉన్న స్థితిలో శాశ్వత గుర్తు పెట్టుకుని ఎప్పుడూ అలాగే బిగించండి. ప్లాస్టిక్ స్పిన్నర్ (ప్రాప్ ముందు పెట్టే మొనదేలిన టోపీ) వాడేవాళ్లు దాన్ని తీసేసి ఒకసారి, పెట్టి ఒకసారి తిప్పి చూడండి. చవక స్పిన్నర్లు ప్రాప్ కన్నా అన్యాయంగా ఉంటాయి.

ఫోన్‌లో ఫైఫాక్స్ లాంటి ఉచిత యాప్‌తో వణుకు కొలవొచ్చని కొందరు లెక్చరర్లు చెబుతున్నారు. ముందు, తర్వాత పోల్చి చూసుకోవడానికి పర్వాలేదు, అది కూడా ఫోన్‌ను ఒకే చోట, ఒకేలా కట్టి, ఒకే థ్రాటిల్‌లో చూస్తేనే. సెకనుకు 200 సార్లు కొలిచే ఫోను 100 ఊపుల దాకానే నిజం చెప్పగలదు. మన ప్రాప్ ఊపు సెకనుకు 133. అది తెర మీద 67 దగ్గర ఎక్కడో దొంగ గీతగా కనబడుతుంది. ఆ అంకె చూసి వేరే లోపం వెతుక్కుంటూ పోవద్దు.

కంపెనీలు చెప్పే వేగ పరిమితి కూడా చూడాలి. ఉదాహరణకు ప్రాప్‌లు చేసే ఏపీసీ కంపెనీ వారి స్లో ఫ్లయర్ (మెల్లగా ఎగిరే విమానాల) రకానికి 65,000ను అంగుళాల్లో వ్యాసంతో భాగించమంటారు. 10 అంగుళాలైతే 6,500 చుట్లు. 1000 కేవీ మోటారుకు, అంటే ఒక్కో వోల్టుకు 1,000 చుట్లు తిరిగేదానికి, 3 సెల్స్ (11.1 వోల్టుల) బ్యాటరీ పెడితే లోడు లేకుండా 11,100 చుట్లు, ప్రాప్ లోడుతో ఎంతకు దిగుతుందో టాకోమీటరుతో (చుట్లు లెక్కపెట్టే పరికరంతో) కొలిచాకే ఆ పలచటి ప్రాప్ వేయాలి. ఎంత బాగా తూచినా పరిమితి దాటిన రెక్క మొదలు దగ్గర తెగుతుంది. మొదటిసారి తిప్పేటప్పుడు ప్రాప్ తిరిగే వరుసలో, అంటే దానికి అటూ ఇటూ పక్కల, ఎవరూ నిలబడకూడదు. వెనక నిలబడి, కళ్లద్దాలు పెట్టుకుని, విమానాన్ని ఎవరైనా గట్టిగా పట్టుకోగా తిప్పాలి.

మా మనవి రెండే. మన రెండు ఊళ్లలో కాలేజీలు, స్కూళ్లు మోడల్ విమానాల పోటీ పెట్టినప్పుడు ఎగరేసే ముందు తనిఖీ బల్ల మీద ఒక బ్యాలెన్సర్, ఒక సెల్లో టేపు చుట్ట పెట్టించాలి. రిసీవర్ రేంజి చూస్తున్నారు, బ్యాటరీ వోల్టేజి చూస్తున్నారు, దీనికి ఒక్కో ప్రాప్‌కు రెండు నిమిషాలు పడుతుంది. మీ విద్యార్థి పేజీలో పోటీల వార్త వేసేటప్పుడు ఈ తనిఖీ జరిగిందా అని మీ విలేకరులు ఒక్క ప్రశ్న అడిగితే నిర్వాహకులు పట్టించుకుంటారు. రెండోది, తనిఖీలో నెగ్గని ప్రాప్‌లను చెత్తబుట్టలో అలాగే పడేయనివ్వొద్దు. చూడ్డానికి కొత్తగానే ఉంటాయి, చిన్న పిల్లలు ఏరుకుని బిగించుకుంటారు. రెక్కల్ని హబ్ దగ్గర రెండు ముక్కలుగా విరిచి పడేయించండి.

ఇట్లు,
కొందరు మోడల్ విమాన అభిరుచిపరులు,
విజయవాడ, గుంటూరు